చిత్రమును పెంచుట – సరూపత

సరూప త్రిభుజములను పదవ తరగతిలో చదివి, పరీక్ష వ్రాసి మరచిపోవుట మనకు పరిపాటి. వార్షికోత్సవ వేదికకు తెర వ్రాయవలసి వచ్చినపుడు ఆ పాఠమే అక్కరకు వచ్చును.

చార్మినారు చిత్రమొకటి 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు కలదనుకొందము. తెర 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అయినచో రెండు నిష్పత్తులును 20. చిత్రముపై 1 సెం.మీ. గళ్ళు, తెరపై 20 సెం.మీ. గళ్ళు గీచి, 150 గళ్ళలో ఏ గడిలోని రేఖను ఆ గడిలోనికే దించవలెను. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులును గళ్ళు గీచియే గోడలపై బొమ్మలు వ్రాసిరి. నిలుచున్న మనిషికి పాదము మొదలు నుదుటిపై వెంట్రుకల అంచు వరకు 18 గళ్ళు.

తెర ఎత్తు 2.4 మీటర్లే దొరికినచో? వెడల్పును 20 రెట్లు, ఎత్తును 16 రెట్లు పెంచితిమా, మినారులు పొట్టివై, కమానులు బోర్లించిన మూకుళ్ళవలె అగును. అది సరూపము కాదు. రెండు దిక్కులను 16 రెట్లనే పాటించి, ఇరుప్రక్కల 20 సెం.మీ. చొప్పున వదలుట మేలు.

మొదటి తెరలో కోణములు మారవు, పొడవులు 20 రెట్లగును, వైశాల్యము మాత్రము 400 రెట్లు. రంగు వైశాల్యమును బట్టి ఖర్చగును గనుక, కమిటీకి అంచనా ఇచ్చువారు 20తో కాక 400తో హెచ్చవేయవలెను. ఈ వర్గనియమమును యూక్లిడు తన ఆరవ గ్రంథములో నిరూపించెను. యూక్లిడు గ్రంథమును 1248లో అరబ్బీలో పరిష్కరించిన నసీరుద్దీన్ తూసీ పేరు మన ఉర్దూ మిత్రులు వినియేయుందురు.

పెన్సిలు సన్నగా చెక్కుకొనవలెను. చిత్రముపై 1 మి.మీ. తప్పు తెరపై 2 సెం.మీ. వంకర యగును.