ముందు ఆ కోతులు ఎక్కడివో అడుగు

చిరంజీవి శ్రావణికి,


ఎస్‌ఐవీ (కోతుల్లో హెచ్‌ఐవీ లాంటి వైరస్) టీకాల మీద పేపర్లు చదవడం మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. అయితే పేపర్ చేతికి రాగానే గ్రాఫుల దగ్గరికి పరుగెత్తకు. కోతులు ఎక్కడివి, వాటి ఎంహెచ్‌సీ జన్యువులు పరీక్షించారా లేదా, ముందు అది వెతుకు.

ఎంహెచ్‌సీ చేసే పని నీకు తెలిసిందే: కణం లోపలి ప్రోటీన్ ముక్కలను పైకి తెచ్చి టీ కణాలకు చూపించడం. ఏ ముక్క అందులో ఇముడుతుందన్నది జన్యువును బట్టి మారుతుంది. రీసస్ కోతుల్లో మాము-ఏ01 అనే రకం ఉంది. ముక్కలో మూడో స్థానంలో ప్రోలీన్ ఉంటే అది గట్టిగా పట్టుకుంటుంది. ఎస్‌ఐవీ గ్యాగ్ ప్రోటీన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క ఒకటి, ట్యాట్‌లో ఎనిమిదింటి ముక్క ఒకటి. రెండింట్లోనూ మూడోది ప్రోలీనే! టీ కణాలు రెండింటి మీదా విరుచుకుపడతాయి. ట్యాట్ ముక్కను వైరస్ కొద్ది వారాల్లోనే మార్చేసుకుని తప్పించుకుంటుంది. గ్యాగ్ ముక్క జోలికి అంత తేలిగ్గా పోలేదు, మారిస్తే దానికే చేటు. ఏ01 లేని కోతిలో ఈ కథే వేరు.

మాము-బి08, బి17 ఇంకా గట్టివి. ఇవి ఉన్న కోతుల్లో కొన్ని ఏ టీకా లేకుండానే వైరస్‌ను అణిచి ఉంచుతాయి. టీకా గుంపులో ఆరు, వేయని గుంపులో ఆరు కోతులు ఉన్నాయనుకో. వాటిలో బి08 ఉన్నవి రెండే అయి, ఆ రెండూ టీకా వైపే పడితే వైరస్ సగటు దిగిపోతుంది. కోతి పుట్టుకతో తెచ్చుకున్న ఆస్తిని టీకా సంపాదన కింద రాసేస్తారు.

ఇక మూలం సంగతి. 1978లో మన దేశం రీసస్ కోతుల ఎగుమతి ఆపేసింది. అమెరికా సైన్యం రేడియేషన్ ప్రయోగాల్లో వాటిని వాడుతోందన్న వార్తలు అందుకు ఒక కారణం. ఇప్పుడు అక్కడ 'భారతీయ' అని రాసేవి చాలామటుకు అక్కడే పుట్టిన సంతతి. అవి చాలక చైనా నుంచీ తెప్పించుకున్నారు. జాతి ఒకటే. కానీ చైనా కోతుల్లో ఏ01 తక్కువ, ఎస్‌ఐవీమ్యాక్239 అనే ఎస్‌ఐవీ రకం కూడా వాటిలో సాధారణంగా అంత ఉద్ధృతంగా పెరగదు. రెండింటినీ ఒకే రాశిగా పోసి లెక్కగట్టిన పేపర్‌ను నేనైతే నమ్మను.

మారిషస్ పొడుగుతోక మకాక్‌లది (రీసస్‌లూ మకాక్‌లే) మరో దారి. కొన్ని వందల ఏళ్ల కిందట ఓడల్లో వచ్చిన కొద్దిపాటి కోతుల సంతతి అవి. అందుకే వాటిలో తరచుగా కనిపించే ఎంహెచ్‌సీ హాప్లోటైప్‌లు (ఒక కట్టగా వారసత్వంగా వచ్చే జన్యురకాలు) ఏడంటే ఏడే: ఎం1 నుంచి ఎం7. ఈ జన్యువులు సరిపోలిన కోతులను ఏరి గుంపులు కట్టొచ్చు. అవయవ మార్పిడి పరిశోధనకు ఇది పెద్ద సౌకర్యం. కానీ మనుషుల్లో ఎంహెచ్‌సీని హెచ్‌ఎల్‌ఏ అంటారు, దాని రకాలు వేలల్లో ఉన్నాయి. పైగా మకాక్‌లకు ఏ, బి జన్యువులు మనకన్నా ఎక్కువ ప్రతుల్లో ఉంటాయి, సి అసలే లేదు. టీకా ఎలా పనిచేస్తోందో తేల్చుకోవాలంటే మారిషస్ కోతులు మేలు. ఎంతమందికి పనిచేస్తుందన్న ప్రశ్నకు మాత్రం అవి జవాబు చెప్పలేవు.

ఇప్పుడు నీ ముందున్న పేపర్‌లో పద్ధతుల విభాగం తియ్యి. మూలం, జన్యురకం రెండూ లేకపోతే అనుబంధ పట్టికలు చూడు. అక్కడా లేకపోతే మీ గైడ్‌ను మొహమాటపడకుండా అడుగు. ఆమె ఏమన్నారో నాకు రాయి.

మీ పెదనాన్న