ఆసరా పట్టీ

పలచని రవికకు హుక్కు కుడతారు. నాలుగు రోజులు తొడిగేసరికి బట్ట చిరుగుతుంది. హుక్కు ఊడి చేతికి వస్తుంది. హుక్కు గట్టిదే. దారమూ గట్టిదే. బట్టే పలచన. అందుకే కుట్టుపని తెలిసిన ఆడవాళ్లు లోపల ఇంకో పట్టీ వేసి కుడతారు. అప్పుడు లాగుడు ఒక్కచోటే పడదు. పట్టీ అంతా పంచుకుంటుంది.

ఈ కిటుకే బొమ్మ విమానానికీ పనికొస్తుంది.

విమానాలు మనకు కొత్త కాదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల మీదుగా కర్నూలు పోయే దారిలో ఓర్వకల్లు వస్తుంది. అక్కడ 2021లో విమానాశ్రయం మొదలైంది. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు.

విమానం రెక్కల వెనుక అంచుకు, తోకకు కదిలే పలకలు ఉంటాయి. అవి కదిలితేనే విమానం లేస్తుంది, దిగుతుంది, పక్కకు తిరుగుతుంది. రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానానికీ ఇవి ఉంటాయి. చిన్న మోటారు ఒక తీగను లాగుతుంది. తీగ ప్లాస్టిక్ కొమ్మును లాగుతుంది. కొమ్ము పలకను కదుపుతుంది.

బొమ్మ తేలికగా ఉండాలి. అందుకని బాల్సా అనే మెత్తని చెక్కతో చేస్తారు. థర్మోకోల్‌తోనూ చేస్తారు. మెత్తని దాంట్లో స్క్రూ నిలవదు. ఇటు తీగ లాగుతుంది, అటు గాలి తోస్తుంది. రంధ్రం పెద్దదవుతుంది. కొమ్ము ఊడుతుంది. ఇక విమానం మాట వినదు. ఎవరి తల మీదైనా పడొచ్చు.

ఏం చేయాలి?

1. కొమ్ము బిగించే చోట పలకకు రెండు వైపులా పలచని ప్లైవుడ్ ముక్కలు ఫెవికాల్‌తో అతికించాలి. ముక్క కొమ్ము కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. మరీ పెద్దదైతే తోక బరువెక్కుతుంది.
2. రాత్రంతా ఆరనివ్వాలి.
3. సన్నని రంధ్రం చేసి, అవతలి ముక్క దాకా దిగేలా స్క్రూ బిగించాలి.
4. ఎగరేసే ముందు ప్రతిసారీ కొమ్మును వేలితో కదిపి చూడాలి.

జాగ్రత్త! థర్మోకోల్‌కు ఫెవిక్విక్ పెట్టకూడదు. అది థర్మోకోల్‌ను తినేస్తుంది.

ఇంట్లో తలుపు బందు ఊడినా ఇదే లెక్క. అదే రంధ్రంలో అదే స్క్రూ మళ్లీ తిప్పితే నిలవదు. అగ్గిపుల్లల మందు తీసేయాలి. పుల్లలకు ఫెవికాల్ పూసి రంధ్రం నిండా దిగగొట్టాలి. బాగా ఆరాక స్క్రూ బిగించాలి. చిన్న పనే. వడ్రంగి కూలి మిగులుతుంది.

స్క్రూ మార్చితే చాలదు. స్క్రూను పట్టుకునే చోటును గట్టి చేయాలి.

జవాబులు రాయండి

1. రవిక లోపల పట్టీ ఎందుకు వేస్తారు?
2. కొమ్ము ఊడితే విమానం ఏమవుతుంది?
3. మీ ఇంట్లో వదులైన బందులు ఎన్ని ఉన్నాయి? చూసి రాయండి.