ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకునే మధ్యవర్తి ఎవరి మనిషి?

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఇప్పుడు ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవే పేరెత్తకుండా స్థలం రేటు చెప్పేవాళ్లు తక్కువ. ఇల్లు చూపించేదీ, రేటు మాట్లాడేదీ, అడ్వాన్సు ఇప్పించేదీ అంతా ఒకే మధ్యవర్తి. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

రెండు వైపులా కమీషన్ తీసుకోవడం చట్టవిరుద్ధమా?

కాదు. అలా తీసుకోకూడదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఎక్కడా లేదు. వ్యవహారంలో ఒకటో రెండో శాతం మాట్లాడుకుంటారు. ఇంతే ఇవ్వాలన్న నిబంధనా లేదు, మాట్లాడుకున్నదే లెక్క. దాచడం మాత్రం తప్పు. అవతలి వైపు నుంచి కూడా తీసుకుంటున్నానని మధ్యవర్తి ముందే చెప్పాలి, మీరు సరేననాలి.

ఇల్లు నచ్చింది, రేటూ నచ్చింది. దాస్తే నాకొచ్చిన నష్టమేంటి?

అంకెలు వేసి చూద్దాం. ఇల్లుగలాయన పైకి 46 లక్షలు చెప్పి, మధ్యవర్తితో మాత్రం ‘42కైనా తెంపెయ్, అమ్మాయి పెళ్లి దగ్గరకొచ్చింది’ అన్నాడు. మీరు అదే మధ్యవర్తితో ‘43 దగ్గర మొదలుపెట్టు, 45 దాకా వస్తాను’ అన్నారు. ఇప్పుడు రెండు రహస్యాలూ ఒకడి దగ్గరే ఉన్నాయి. 42 సంగతి మీకు చెబితే ఆయనకు ద్రోహం, 45 సంగతి ఆయనకు చెబితే మీకు ద్రోహం. ఏదీ చెప్పకపోతే ఇద్దరికీ బేరం ఆడిపెట్టేవాడు లేనట్టే.

రేటు పెరిగితే కమీషన్ పెరుగుతుంది కాబట్టి మధ్యవర్తి ఎప్పుడూ అమ్మేవాడి వైపే ఉంటాడని చాలామంది అనుకుంటారు. లెక్క అలా లేదు. రెండు వైపులా ఒక్కో శాతం అనుకుంటే, 42కి కాకుండా 45కి తెగితే అతనికి అదనంగా వచ్చేది 6,000. బేరం చెడితే పోయేది 84,000. కాబట్టి అతని తొందరంతా ఈ రోజే అడ్వాన్సు పడాలని. ఆ తొందరలో ఇంటి లోపాలు కప్పబడిపోతాయి. రేటు కంటే దీనికే ఎక్కువ భయపడాలి.

‘నా చేతికి 40 వస్తే చాలు, పైనెంత వచ్చినా నీదే’ అని ఇల్లుగలాయన చెప్పాడట. ఇది సరైనదేనా?

ఆయన తెలిసే ఒప్పుకున్నాడు కాబట్టి ఆయన వైపు నుంచి ఇబ్బంది లేదు. కానీ అదే మధ్యవర్తి ‘నేను మీ తరఫున బేరమాడతాను’ అని మీ దగ్గర కమీషన్ కూడా ఒప్పుకుని, 40 పైన వచ్చేదంతా తన జేబులోకే పోతుందని దాచితే మాత్రం అది మోసమే. అప్పుడు మీ ఇద్దరి మధ్య ఉన్నది మధ్యవర్తిత్వం కాదు, అతని సొంత వ్యాపారం.

ఏజెంటు తన యజమానికి, అంటే పని అప్పగించినవారికి, తెలియకుండా ఆ వ్యవహారంలో సొంత లాభం చూసుకుంటే ఏమవుతుందో కాంట్రాక్టు చట్టం 215, 216 సెక్షన్లు చెబుతున్నాయి. ముఖ్యమైన సంగతి దాచాడనో, అతని వల్ల నష్టం కలిగిందనో తేలితే యజమాని ఆ వ్యవహారాన్ని కాదనవచ్చు. ఏజెంటుకు వచ్చిన లాభాన్నీ అడగవచ్చు. 216వ సెక్షన్ కింద చట్టం ఇచ్చిన ఉదాహరణ ఇంటిదే: ఫలానా ఇల్లు కొనిపెట్టమంటే, ఏజెంటు ‘అది అమ్మరండి’ అని చెప్పి తనే కొనుక్కున్నాడు. సంగతి తెలిశాక, అతను కొన్న రేటుకే ఆ ఇంటిని తనకు ఇమ్మని యజమాని పట్టుబట్టవచ్చు. ముందు తన పేరునో బావమరిది పేరునో అగ్రిమెంటు రాయించుకుని, తర్వాత మీకు ఎక్కువకు తిప్పే పద్ధతికి ఈ సెక్షన్లు సూటిగా తగులుతాయి.

ఇంటి మీద గొడవ ఉన్నట్టు మధ్యవర్తికి తెలుసు, నాకు చెప్పలేదు. బాధ్యత ఎవరిది?

మామూలు జాగ్రత్తతో కొనేవాడికి కనిపించని లోపాలను అమ్మేవాడే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. ఇక్కడొక చిక్కుంది. మీ పని మీద తిరుగుతూ ఏజెంటు తెలుసుకున్నది మీకు తెలిసినట్టేనని కాంట్రాక్టు చట్టం 229వ సెక్షన్. మధ్యవర్తి మీ ఏజెంటు కూడా అయితే, ‘అతనికి అన్నీ చెప్పానుగా’ అని అమ్మినాయన వాదించే వీలుంది. ఇద్దరి మనిషిని పెట్టుకోవడంలోని అసలు ప్రమాదం నా దృష్టిలో ఇదే.

మన ప్రాంతంలో ఇంకోటి చూడాలి. పక్కనే జీలుగుమిల్లి, బుట్టాయగూడెం, పోలవరం మండలాల్లో షెడ్యూల్డ్ గ్రామాలున్నాయి. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి భూమి అమ్మినా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. ‘రోడ్డు దాటితే చవక’ అంటూ చూపించే స్థలం ఏ గ్రామ పరిధిలోదో మధ్యవర్తి నోటి మాటగా వినొద్దు. సర్వే నంబరు తీసుకుని రెవెన్యూ రికార్డుల్లో చూడండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22ఏ జాబితాలో ఉందేమో వెతకండి, లింకు డాక్యుమెంట్లు మధ్యవర్తితో సంబంధం లేని వకీలుకు చూపించండి.

రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) మనకు పనికొస్తుందా?

పాత ఇంటిని ఒకరు ఇంకొకరికి అమ్మితే రాదు. కొత్త లేఅవుటులో ప్లాటో, అపార్టుమెంటులో ఫ్లాటో అయితే వస్తుంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసిన లేఅవుటునూ, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టునూ రిజిస్టరు చేయాలి. వాటిని అమ్మిపెట్టే ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా అమ్మితే రోజుకు 10,000 చొప్పున, ఆ ప్లాటు ధరలో 5 శాతం దాకా జరిమానా.

మధ్యవర్తి మా బాబాయి వరస. కాగితం అడిగితే ఏమనుకుంటారో!

మొహమాటం ఇంటి పత్రాలను కాపాడదు. ‘బాబాయ్, బ్యాంకు లోను కోసం ఆడిటరు గారు రాయించుకోమన్నారు’ అని సాకులు చెప్పక్కర్లేదు. ‘ఇద్దరి పనీ మీరే చూస్తున్నారు కదా, ఓ నాలుగు ముక్కలు రాసుకుందాం’ అనండి చాలు. రాయాల్సింది ఇంతే:

‘ఈ ఇంటి వ్యవహారంలో నేను అమ్మేవారి తరఫున కూడా పనిచేస్తున్నాను. వారి నుంచి ఇంత, మీ నుంచి ఇంత తీసుకుంటాను. ఇవి కాక ఇంకే లాభమూ నాకు లేదు. ఈ ఇంట్లో నాకు గానీ నా కుటుంబానికి గానీ వాటా, అగ్రిమెంటు లేవు. ఒకరు చెప్పిన ఆఖరి రేటు రెండోవారికి చెప్పను. ఇంటి మీద నాకు తెలిసిన తగాదాలు, బాకీలు ఇవి.’

కింద ముగ్గురి సంతకాలు, తేదీ. దీనికి ఒప్పుకోని మధ్యవర్తికి మీ ఆఖరి రేటు చెప్పకండి. ఒప్పుకున్నా, ఒక్కసారైనా ఇల్లుగలాయనతో ఎదురెదురుగా కూర్చుని రేటు ఆయన నోటే వినండి. అగ్రిమెంటు రోజు దాకా ఇద్దరినీ కలవనివ్వకుండా తిప్పుతుంటే అనుమానించాల్సిందే.

అడ్వాన్సు మధ్యవర్తి చేతికి ఇవ్వొచ్చా?

వద్దు. అమ్మేవారి ఖాతాకే పంపండి. స్థిరాస్తి అడ్వాన్సుగా 20,000, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమూ ఒప్పుకోదు.

కమీషన్ ఎప్పుడు ఇవ్వాలి? మోసం బయటపడితే ఎగ్గొట్టొచ్చా?

వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఇవ్వాలి. కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ అదే చెబుతుంది. పూర్తవడమంటే అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా అన్నది ముందే రాసుకోండి, గొడవలు చాలామట్టుకు ఇక్కడే వస్తాయి. దుష్ప్రవర్తనతో నడిపిన పనికి ఏజెంటుకు ప్రతిఫలం అడిగే హక్కు లేదని 220వ సెక్షన్. నిజాయితీగా తిరిగి ఇల్లు కుదిర్చినవాడికి, పని అయిపోయింది కదా అని ఎగ్గొట్టడం మాత్రం అన్యాయం. అతనికీ కోర్టుకు వెళ్లే హక్కుంది.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ముందు మధ్యవర్తికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన రసీదులు చెరపకండి. డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపమని ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన ప్రతిఫలం 5 లక్షలలోపు అయితే ఫీజు లేదు. అగ్రిమెంటు రద్దుకో, మధ్యవర్తి మింగిన లాభం రాబట్టడానికో సివిల్ కోర్టు. దీనికి మామూలుగా మూడేళ్ల గడువు. మోసం దాచిపెట్టి ఉంటే అది బయటపడిన రోజు నుంచి లెక్క. లేఅవుటు, ఫ్లాటు వ్యవహారమైతే ఏపీ రెరా. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది.