నీటి అడుగున ఊపిరి

సముద్రానికి దూరంగా, గోదావరి లోయలో పెరిగిన విద్యార్థికి జలాంతర్గామి ఒక వింత వస్తువుగానే తోస్తుంది. అయితే గోదావరిఖనిలోనో మందమర్రిలోనో భూగర్భ గనిలో పనిచేసిన కార్మికుణ్ణి అడిగితే దాని గుట్టు సగం చెప్పగలడు. నేల లోపలికి దిగిన మనిషికి బొగ్గు కంటే, వెలుతురు కంటే ముందు కావలసినది గాలి. గనిలో పెద్ద పంకాల సాయంతో గాలి ఆడేటట్లు చేయవచ్చు. నీటిలో మునిగిన నౌకకు ఆ వెసులుబాటు లేదు. తలుపు మూసిన క్షణాన లోపల ఉన్న గాలే దాని సర్వస్వం. జలాంతర్గామి నిర్మాణ చరిత్ర చాలావరకు ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది.

ఈ చిక్కును కళ్ళారా చూడదలచిన వారు విశాఖపట్నం వెళ్ళాలి. అక్కడ రామకృష్ణ బీచ్‌లో ఇసుక మీద నిలిచి ఉన్నది ఐ.ఎన్.ఎస్. కురుసుర. నాటి సోవియట్ యూనియన్‌లో నిర్మితమై, 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001 ఫిబ్రవరిలో సేవ నుండి విరమించింది. 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా మారింది. మన దేశపు తొలి జలాంతర్గామి అయిన ‘కల్వరి’ 1967లో వచ్చింది. ఆ తరగతికి చెందిన నాలుగింటిలో కురుసుర చివరిది. జలాంతర్గామి నావికులకు శిక్షణనిచ్చే విశాఖలోని కేంద్రం పేరు ‘ఐ.ఎన్.ఎస్. శాతవాహన’. కోటిలింగాల మట్టిలో శాతవాహన నాణేలు దొరికిన సీమవారికి ఈ పేరు పరాయిది కాదు. ఆ రాజుల నాణేలలో కొన్నింటిపై తెరచాప ఓడ బొమ్మ ఉన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినది.

జలాంతర్గామి మునగడం, తేలడం తెలియాలంటే బావిలో వదిలిన బిందెను తలచుకుంటే చాలు. ఖాళీ బిందె తేలుతుంది. నీరు నిండితే మునుగుతుంది. నౌక ఇరుపక్కల ఉండే తొట్లలోని గాలిని పైకి వదిలితే అడుగు నుండి నీరు చేరి నౌక దిగిపోతుంది. బిందెను చేదతాడు పైకి లాగుతుంది. నౌకకు తాడు లేదు కనుక, సీసాలలో బిగించి ఉంచిన సంపీడన వాయువును తొట్లలోకి వదిలి, నీటిని వెళ్ళగొట్టాలి. అంటే పైకి రావడానికి కూడా గాలే దిక్కు.

ఇక నడవడం మాట. నూనెతో నడిచే ఇంజను మనిషి కంటే ఎన్నో రెట్లు గాలిని మింగుతుంది. అందువల్ల నీటిపైన ఇంజను, నీటి లోపల బ్యాటరీలతో తిరిగే విద్యుత్ మోటారు అనే ద్వంద్వ పద్ధతి స్థిరపడింది. ఈ పద్ధతిని సఫలం చేసినవారిలో ముఖ్యుడు జాన్ ఫిలిప్ హాలండ్. ఆయన ఐర్లండులో పుట్టిన బడిపంతులు. అమెరికాకు వలసవెళ్ళి చేసిన తొలి ప్రయత్నాలకు ఐర్లండు స్వాతంత్ర్యం కోరిన ఫీనియన్ విప్లవకారులు ధనం సమకూర్చారు. బ్రిటిష్ ఓడలను ముంచడం వారి ఆశయం. చివరకు ఆయన నమూనానే బ్రిటిష్ నౌకాదళం స్వీకరించడం విధి విలాసమనాలి!

బ్రిటన్ తొలి జలాంతర్గామి ‘హాలండ్ 1’ ఇంగ్లండులోని బారో రేవులో 1901 అక్టోబరు 2న జలప్రవేశం చేసింది. పొడవు సుమారు 19 మీటర్లు; మన ఆర్టీసీ బస్సులు రెండింటిని వరుసగా నిలిపితే అంతకు మించిపోతాయి. అందులోనే ఎనిమిదిమంది మనుషులు, పెట్రోలు ఇంజను, బ్యాటరీలు, ఒక టార్పెడో గొట్టం. దాని పెరిస్కోపు ముందువైపు చూస్తే సరిగానే చూపేది. పక్కకు తిప్పితే దృశ్యం పక్కకు ఒరిగేది, వెనుకకు తిప్పితే తలకిందులయ్యేది. ఇది నవ్వు పుట్టించే లోపం. పెట్రోలు ఆవిరి అలాంటిది కాదు. మూసిన గదిలో అది చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజను వదిలే విషవాయువుకు వాసన ఉండదు. అందుకే నాటి నావికులు తెల్ల ఎలుకలను వెంట ఉంచుకొనేవారు. ఎలుక సొమ్మసిల్లితే గాలి చెడిందని అర్థం. బ్రిటన్ బొగ్గుగనులలో ఈ పనిని చిన్న పిట్టలు చేసేవి.

తరువాతి నౌక ‘ఏ 1’ 1904 మార్చి 18న ఒక ప్రయాణికుల ఓడ తగిలి మునిగింది. లోపలి 11 మందీ మరణించారు. నీరు పై గోపురం ద్వారా లోనికి దూకింది. అటు తరువాత కట్టిన నౌకలలో గోపురానికి అడుగున కూడా నీరు చొరని తలుపు పెట్టారు. నేడు ప్రతి జలాంతర్గామిలో సహజమనిపించే ఆ తలుపు వెనుక పదకొండు ప్రాణాలున్నాయి. పెట్రోలు ప్రమాదం వదలడానికి మరికొన్నేళ్ళు పట్టింది. 1908లో నీటికి దిగిన ‘డి 1’ నాటికి డీజిల్ వచ్చింది.

కురుసుర ఆ వంశానికి చెందినదే. పొడవు 91 మీటర్లు, సిబ్బంది 75 మంది, టార్పెడో గొట్టాలు పది, డీజిల్ ఇంజన్లు మూడు. అయినా మూలసూత్రం హాలండ్ పంతులుదే. ఒక సౌకర్యం మాత్రం అదనంగా చేరింది. నౌక నీటి కింద ఉండగానే ‘స్నార్కెల్’ అనే గొట్టాన్ని పైకెత్తి ఇంజనుకు గాలి అందించవచ్చు. అల ఎగసి గొట్టం మూత పడినప్పుడు ఇంజను లోపలి గాలినే లాగుతుంది. నావికుల చెవులు నొప్పిపెడతాయి. బ్యాటరీలకు విద్యుత్తు ఎక్కించేటప్పుడు హైడ్రోజను పుడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు దాటితే పేలే ప్రమాదముంది. ఏడు గదులుగా విభజించిన నౌకలో, గుండ్రని ద్వారాల గుండా వంగి వంగి నడిచే సందర్శకుడికి టార్పెడోల సరసనే పడకలు కనిపిస్తాయి. అక్కడ నిద్రించినవారి ధైర్యం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

1971 నవంబరులో, యుద్ధం ముంచుకొస్తున్న రోజులలో, కురుసుర అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. అదే యుద్ధంలో, డిసెంబరు 3–4 తేదీల నడిమి రాత్రి, విశాఖ తీరం చెంతనే పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ మునిగిపోయింది. ‘విక్రాంత్’ను వెదుకుతూ వచ్చిన నౌక అది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ ప్రయోగించిన పేలుడు గుండ్ల వల్ల మునిగిందని భారత నౌకాదళం, సొంత మందుపాతరల వల్లనని పాకిస్తాన్ చెబుతాయి. కారణం ఏదైనా, లోపలివారిలో ఒక్కరూ బయటపడలేదు. శత్రువులే అయినా, గాలి లేక, వెలుగు లేక సముద్రగర్భంలో కడతేరిన ఆ మనుషుల గతి వింటే మనసు చివుక్కుమంటుంది.

హాలండ్ 1 కథ ముగింపు వేరు. 1913లో పాత ఇనుముగా అమ్ముడై, లాగుకొని పోతుండగా మునిగింది. అప్పుడు అందులో మనిషి లేడు. 1982లో దానిని పైకి తీశారు. సముద్రపు ఉప్పు ఉక్కులోకి ఇంకి తుప్పు ఆగకపోవడంతో, దాని కోసమే కట్టిన తొట్టిలో సోడియం కార్బొనేటు ద్రావణం నింపి ఏళ్ళ తరబడి నానబెట్టారు. ఇప్పుడది ఇంగ్లండులోని గాస్‌పోర్ట్‌లో, గాలిలో తేమను అదుపు చేసిన భవనంలో ఉన్నది. కురుసురకు అలాంటి కప్పు లేదు. బంగాళాఖాతపు ఉప్పుగాలి రేయింబవళ్ళు దాని ఉక్కును తాకుతూనే ఉంటుంది.