నోట్‌ప్యాడ్ నుంచి వీఎస్ కోడ్‌కి మారాలా?

ప్రశ్న: జేఎన్‌యూలో పరిశోధన చేస్తూ మునిర్కాలో ఉంటున్నాను. తెలుగు వ్యాసాల్లో పదాలు లెక్కించే పైథాన్ స్క్రిప్టులు నోట్‌ప్యాడ్‌లో రాస్తున్నాను. వీఎస్ కోడ్‌కి మారమంటున్నారు. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. మారమంటారా?
– ఒక పాఠకురాలు, మునిర్కా, న్యూఢిల్లీ

జవాబు: తప్పకుండా మారండి. మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన ఈ ఎడిటర్ ఉచితం. పైథాన్‌లో వరుస ముందు వదిలే ఖాళీయే వ్యాకరణం. ట్యాబులు, స్పేసులు కలగలిస్తే స్క్రిప్టు ఆగిపోతుంది. ఖాళీలను చుక్కలుగా, ట్యాబులను బాణాలుగా చూపించే సౌకర్యం ఇందులో ఉంది. తప్పు పట్టుకోవడం తేలిక.

తెలుగుతో పని కాబట్టి కింది పట్టీలో కుడివైపు యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి. స్క్రిప్టులో ఫైలు తెరిచేటప్పుడూ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మీరే రాయాలి. లేకపోతే విండోస్‌లో తెలుగు అక్షరాలు చెదిరిపోవచ్చు, స్క్రిప్టే ఆగిపోవచ్చు.

వీఎస్ కోడ్ ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ చట్రం మీద నడుస్తుంది, ర్యామ్ ఎక్కువ తీసుకుంటుంది. అందుకని పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఒక్కటే పెట్టుకోండి. అప్పటికీ నెమ్మదిస్తే జీనీ అనే ఎడిటర్ వాడండి. అది తేలికైనది, ఉచితమే.

పాత స్క్రిప్టులన్నీ ఒకేసారి మార్చకండి. ముందు చిన్నదొకటి కొత్త ఎడిటర్‌లో నడిపి చూసుకోండి. అన్నిటికంటే ముందు మీ ఫైళ్లకు ఒక కాపీ తీసి పెట్టుకోండి.