లద్దె చూసి నట్టల మందు

తొలకరి పడితే శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరు నుంచి మొయినాబాద్, చేవెళ్ల దాకా బీళ్లన్నీ పచ్చబడతాయి. ఫామ్‌హౌస్‌ల గుర్రాలనూ, బరాత్‌లకు వెళ్లే గుర్రాలనూ మేతకు వదిలేది అప్పుడే. నట్టలకూ అదే అదను. ఎండాకాలం గడ్డి మీద మాడిపోయే పిల్ల పురుగులు, వానల్లో లద్దెలోని గుడ్డు పగిలి వారం పది రోజుల్లో గడ్డిపోచ ఎక్కుతాయి. గుర్రం పోచను కొరికితే పని అయిపోయినట్టే.

చాలామంది రెండు మూడు నెలలకోసారి అన్ని గుర్రాలకూ ఒకే మందు పట్టిస్తారు. ఇదే కొంప ముంచింది. చిన్న స్ట్రాంగైల్ పురుగులు ఫెన్‌బెండజోల్‌కు, గుర్రపు పిల్లల ఏలికపాములు ఐవర్‌మెక్టిన్‌కు చాలా దేశాల్లో లొంగడం మానేశాయి. మందలో అయిదో వంతు గుర్రాలే సుమారు 80 శాతం గుడ్లు విడుస్తాయి. ఆ గుర్రాలేవో తెలియాలంటే లద్దె పరీక్షే దారి. అప్పుడే వేసిన లద్దె గుప్పెడు కవర్లో వేసి, లోపలి గాలి తీసేసి మూతి కట్టి, చల్లగా ఉంచి అదే రోజు పరీక్షకు ఇవ్వాలి. గ్రాముకు 200 లోపు గుడ్లుంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రానికి మామూలుగా మందు అక్కర్లేదు. మందు వేస్తే 14 రోజులకు మళ్లీ లెక్కించాలి. గుడ్లు తగ్గకపోతే మందు మార్చాలి. పిల్లలకు ఈ లెక్క వర్తించదు, వాటి సంగతి డాక్టరే చెప్పాలి.

బరువును కంటి అంచనాతో తేల్చేస్తే మోతాదు తగ్గి, చావని పురుగు ముదురుతుంది. టేపుతో ఛాతీ చుట్టుకొలతను, భుజం నుంచి పిరుదు దాకా పొడవును సెంటీమీటర్లలో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, ఆపై పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. 150, 135 అయితే దాదాపు 256 కిలోలు. కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ పేస్టు 51 మిల్లీగ్రాములు చాలు. పశువులకిచ్చే ఇంజెక్షన్‌ను గుర్రానికి పొడవకూడదు. పొడిచిన చోట కండ కుళ్లే ప్రమాదముంది.

మందుకన్నా పార గొప్పది. మేత చోటులోంచి లద్దెను వారానికి రెండుసార్లు ఎత్తి పెంటకుప్పలో మగ్గనివ్వాలి. పచ్చిది మేతబీడులో చల్లొద్దు. గుర్రాలు మేసిన చోట బర్రెలను మేపితే గుర్రపు నట్టలు చాలావరకు వాటి కడుపులో పడి చస్తాయి. ముంగాళ్ల వెంట్రుకలకు నువ్వుగింజకన్నా చిన్నగా పసుప్పచ్చటి చుక్కలు అంటుకుని ఉంటే అవి బాట్ ఈగ గుడ్లు, గీకేయాలి.

గుర్రం మేత మాని, పక్కలు తిరిగి చూసుకుంటూ పొర్లుతుంటే నట్టల మందు కోసం తిరగకుండా వెంటనే పశువైద్యుణ్ని పిలవండి.