రక్త నమూనా రవాణా: దారిలోనే మారే ఫలితం

పెద్ద ఆసుపత్రుల్లో వార్డు నుంచి ల్యాబ్‌కు రక్తం గాలి పీడనంతో నడిచే గొట్టాల్లో వెళుతుంది. దీన్ని న్యూమాటిక్ ట్యూబ్ వ్యవస్థ అంటారు. వేగం, మలుపులు, హఠాత్తుగా ఆగడం వల్ల ఎర్ర రక్తకణాలు చిట్లవచ్చు. అదే హీమోలైసిస్. సీరంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5-5.0 మిల్లీమోల్స్ మాత్రమే. కణాల లోపల అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి కొద్ది కణాలు చిట్లినా పొటాషియంతో పాటు ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైమ్‌ల విలువలు పెరిగినట్లు కనిపిస్తాయి. పొటాషియం ఎక్కువైతే గుండెకు ప్రమాదం కాబట్టి, రోగికి లేని ముప్పు కాగితం మీద పుడుతుంది!

అలాగని అన్నిటినీ ఐసులో పెట్టేయకూడదు. పరీక్షల్లో ఎక్కువమంది విద్యార్థులు తడబడేది ఇక్కడే. అమ్మోనియా నమూనాకు ఐసు తప్పనిసరి. పొటాషియానికి అదే చేటు: చలికి సోడియం-పొటాషియం పంపు మందగించి, కణం చిట్లకుండానే పొటాషియం బయటకు కారుతుంది.

గ్లూకోజ్ సంగతి వేరు. సాధారణ ట్యూబులో రక్తకణాలు గంటకు సుమారు 5-7 శాతం చొప్పున దాన్ని వాడేసుకుంటాయి. అందుకే బూడిద రంగు మూత ట్యూబు, అందులో సోడియం ఫ్లోరైడ్. ఇది అడ్డుకునే ఎంజైమ్ ఎనోలేజ్ (గుర్తుంచుకోండి).

రక్త వాయువుల పరీక్షకైతే సిరంజిలో గాలి బుడగ ఉండకూడదు. గొట్టం కుదుపుల్లో ఆ బుడగ ఆక్సిజన్ విలువను మరింత తారుమారు చేస్తుంది. ఇలాంటి నమూనాను మనిషి చేత్తో తీసుకెళ్లడమే మేలు.

ఆసుపత్రి బయటకు పంపే రోగ నిర్ధారణ నమూనాలకు మూడు పొరల ప్యాకింగ్ ఉంటుంది. వీటిలో బి కేటగిరీ జీవ పదార్థాల ప్యాకింగ్‌పై ఉండే గుర్తింపు సంఖ్య: యూఎన్ 3373.